నాలుగు దయ్యాలు, ఒక తిండిపోతు

దయ్యాలున్నాయా, లేవా? ఆ తగాదా పెద్దవాళ్ళకి వదిలేద్దాం. ఒక్కచోట మాత్రం నాలుగు దయ్యాలు నిక్షేపంలా ఉన్నాయి. అవి మొదటిసారి జనం కంటపడిన రోజు కూడా నాకు తెలుసు: 1980 మే 22. ఊరు టోకియో. ఒకటి ఎర్రది, ఒకటి గులాబీరంగుది, ఒకటి లేతనీలంది, ఒకటి నారింజరంగుది. వీటికున్న పనల్లా ఒకటే, పసుపుపచ్చగా గుండ్రంగా ఉండే ఒక తిండిపోతుని తరమడం. ఆ తిండిపోతు పేరు ప్యాక్‌మ్యాన్.

ఈ వీడియో ఆట ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. తెరమీద సందులూ గొందులూ ఉన్న ఒక కోట కనిపిస్తుంది. ఆ సందుల నిండా 240 చిన్న చుక్కలు, మూలల దగ్గర 4 పెద్ద చుక్కలు. మనవాడు నోరు తెరుస్తూ మూస్తూ వాటన్నిటినీ మింగెయ్యాలి. ఇలా నోరు ఆడించే చప్పుడుని జపాను భాషలో ‘పకుపకు’ అంటారు. పేరు అక్కణ్ణించే పుట్టింది. (మన దేశంలో పుట్టి ఉంటే ‘గుటుక్కయ్య’ అయ్యేవాడేమో!) దయ్యం తగిలిందా, ఒక ప్రాణం పోయినట్టే. పెద్ద చుక్క మింగితే మాత్రం కాసేపు వ్యవహారం తల్లకిందులవుతుంది. దయ్యాలు ముదురునీలం రంగుకి తిరిగి పారిపోతాయి, వాటినే మనం మింగచ్చు. చుక్కలన్నీ అయిపోయాయంటే మళ్ళీ అదే కోట, అవే చుక్కలు. కాకపోతే ఆట మరికాస్త కష్టమవుతుంది. అంతే ఆట.

నేను దీనికి అభిమానిని. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఎంచేతంటే కింద రాసేవాటిలో లెక్కలు లెక్కలే గాని, ఇష్టాయిష్టాలు మాత్రం నా సొంతం.

1990లలో మా ఊరి బస్టాండు పక్క సందులో ఒక కొట్టుండేది. లోపల మూడు టీవీలు, వాటికి తగిలించిన ఆట పెట్టెలు, గంటకింత అని అద్దె. ఇంట్లో కూరలకిచ్చిన డబ్బులో చిల్లర మిగిల్చి అక్కడ పోసేవాళ్ళం. ఆ రోజుల్లో గులాబీదయ్యానికి నామీద పగ ఉందని నా గట్టి నమ్మకం. ఎర్రది వెనకాల పడితే పరిగెత్తచ్చు. గులాబీది అలా కాదు. నేను ఏ మలుపు తిరుగుదామనుకుంటానో అక్కడికి ముందే వచ్చి కూచునేది. నా మనసులో మాట దానికెలా తెలిసింది? నారింజది పిరికిగొడ్డని మాలో అందరూ ఒప్పుకున్న విషయం. దగ్గరదాకా వచ్చి వెనక్కి పోయేది. నీలంది ఏం చేస్తుందో దానికే తెలీదని మా తీర్మానం.

చాలా ఏళ్ళ తరవాత ఒక సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. జపానులో ఈ దయ్యాలకి పెట్టిన పేర్లకి అర్థాలు వరసగా ఇవీ: వెంటాడేది, పొంచి ఉండేది, నిలకడలేనిది, ఏమీ ఎరగనట్టు నటించేది. మా బస్టాండు సందులో కుర్రాళ్ళం కట్టిన పేర్లకీ వీటికీ ఎంత తేడా ఉంది చెప్పండి? ఎవరూ మాకు నేర్పలేదు. ఆడుతూండగానే దయ్యాల గుణాలు మాకు అబ్బేశాయి.

అయితే ఆ గుణాలు ఎక్కడ దాక్కున్నాయి? ఆట యంత్రం విప్పి చూద్దాం.

ఈ ఆటకి రూపకల్పన చేసింది నామ్కో అనే కంపెనీలో పనిచేసే తోరు ఇవతాని. అప్పటికి ఆయన వయస్సు 25. ఆ రోజుల్లో ఆటల కొట్లలో ఎక్కడ చూసినా కాల్పులే. ఆడపిల్లలు అటు తొంగిచూసేవారు కాదు. వాళ్ళు కూడా వచ్చి ఆడే ఆట కావాలని ఆలోచిస్తూ ఆయన తిండి మీదికి వచ్చాడు. ప్రోగ్రాం రాసినవాడు షిగెయో ఫునాకి. లోపలి కంప్యూటరు మెదడు జెడ్-80 అనే చిప్పు. సెకనుకి సుమారు 30 లక్షల టిక్కులు కొడుతుంది. ఆ అంకె పెద్దదే గాని, ఈనాటి చవక ఫోనులోని చిప్పు ముందు అది నత్తనడక. ఇక మొత్తం ప్రోగ్రాం పట్టింది 16 కిలోబైట్లలో. మీరిప్పుడు చదువుతున్న ఈ వ్యాసాన్ని తెలుగు అక్షరాల్లో కంప్యూటర్లో దాచాలంటే అంతకి రెట్టింపు పైగా చోటు కావాలి. అంటే నాలుగు దయ్యాల బుద్ధులూ, కోటా, చుక్కలూ, లెక్కలూ అన్నీ కలిపి ఈ వ్యాసంలో సగం కూడా లేవన్నమాట. అందులో పగ ఎక్కడ ఇరుకుతుంది?

రహస్యం ఇది. దయ్యానికి కోట అంతా గళ్ళకాగితంలా కనిపిస్తుంది. తెర మొత్తం అడ్డంగా 28 గళ్ళు, నిలువుగా 36 గళ్ళు. ప్రతి దయ్యం ఎప్పుడూ ఏదో ఒక గడికి గురిపెట్టి ఉంటుంది. నాలుగింటికీ నడిచే పద్ధతి ఒకటే. గురిపెట్టే గడి మాత్రమే వేరు.

ఎర్రదయ్యం గురి సూటిగా ఉంటుంది. ప్యాక్‌మ్యాన్ ఉన్న గడే దాని గడి. వెనకాలే పడుతుంది, అంతే.

గులాబీదయ్యం ప్యాక్‌మ్యాన్ మొహం ఎటు ఉందో చూసి, అతనికి నాలుగు గళ్ళ ముందున్న గడికి గురిపెడుతుంది. నా మనసులో మాట కనిపెట్టేస్తోందని హడలిపోయానే, దాని వెనక ఉన్న మంత్రం ‘నాలుగు గళ్ళు ముందు’. మూడు మాటలు!

నీలంది కొంచెం చిక్కు. ప్యాక్‌మ్యాన్‌కి రెండు గళ్ళ ముందు ఒక మేకు కొట్టారనుకోండి. ఎర్రదయ్యం దగ్గర ఒక తాడు కట్టి ఆ మేకుదాకా లాగండి. అదే దిక్కున, అంతే పొడవు మళ్ళీ సాగదియ్యండి. తాడు చివర ఎక్కడ పడితే అదే నీలందాని గురి. అంచేత ఎర్రది దూరంగా ఉంటే నీలంది ఎక్కడెక్కడో తిరుగుతుంది. ఎర్రది మన వీపు మీదికొచ్చేసరికి నీలంది మొహం ముందు తేలుతుంది. మేం దాన్ని పిచ్చిదన్నాం గాని, నాలుగింటిలోనూ లెక్క ఎక్కువ చేసేది అదే.

నారింజది మనకి ఎనిమిది గళ్ళకన్నా దూరంగా ఉన్నంతసేపూ ఎర్రదానిలాగే నడుస్తుంది. అంతకన్నా దగ్గరికొస్తే కోటలో కిందివైపు ఎడమ మూలకి గురి మార్చేస్తుంది. దూరం పెరగగానే మళ్ళీ మనవైపు తిరుగుతుంది. పిరికితనం అంటే ఇదన్నమాట!

గురి తెలిసింది. మరి దారి? కూడలి వచ్చినప్పుడల్లా దయ్యం ఒక లెక్క కడుతుంది. మీకు పైథాగరస్ సిద్ధాంతం గుర్తుంది కదూ? ‘ఇదెందుకు పనికొస్తుంది మేష్టారూ’ అని అడిగి నేను చీవాట్లు తిన్నాను. దయ్యాలకి పనికొస్తుందని అప్పుడు తెలిస్తే చెప్పి ఉండేవాణ్ణి. ఉదాహరణకి, ఒక దయ్యం పైనించి దిగుతూ కూడలికి వచ్చింది. గురి గడి దానికి కుడివైపు 4 గళ్ళు, కిందకి 7 గళ్ళు దూరంలో ఉంది. వచ్చిన దారినే వెనక్కి తిరక్కూడదని దానికి నియమం. అంచేత మిగిలినవి మూడు దారులు. కుడిపక్క గడిలోకి అడుగేస్తే మిగిలే దూరం 3, 7. వర్గాలు కలిపితే 9 + 49 = 58. కింది గడిలోకి అయితే 4, 6. అంటే 16 + 36 = 52. ఎడమకైతే 5, 7. అంటే 25 + 49 = 74. తక్కువ 52 కాబట్టి కిందకే పోతుంది. వర్గమూలం తియ్యనక్కరలేదని గమనించారా? ఏది చిన్నదో తెలిస్తే చాలు కదా. బీద చిప్పుకి ఆ మాత్రం పొదుపు తప్పదు మరి.

ఈ లెక్కలో దయ్యం ఒక అడుగు తరవాత సంగతి చూడదు. ఆ సందు చుట్టుతిరిగి పోతుందా, దగ్గరదారేనా అన్నది దానికి పట్టదు. గోడ అవతల గురి ఉంటే గోడ పక్కనే పడి తిరుగుతుంది. దగ్గరదారి వెతికే పద్ధతులు అప్పటికే కంప్యూటరు శాస్త్రంలో ఉన్నాయి. అవి వాడి ఉంటే మనకి ఒక్క నిమిషం బతుకుండేది కాదు, ఆటా ఉండేది కాదు.

ఇంకొక దయ కూడా చూపించాడు ఇవతాని. ఎప్పుడూ తరుముతూనే ఉంటే ఆడేవాడికి ఊపిరి సలపదని, దాడిని అలల్లా చేశాడు. మొదటి లెవెల్లో దయ్యాలు 7 సెకన్లపాటు మనని వదిలేసి ఎవరి మూలకి అవి పోతాయి. తరవాత 20 సెకన్లు తరుముతాయి. మళ్ళీ 7, మళ్ళీ 20. ఆ తరవాత 5, 20, ఇంకో 5. అక్కణ్ణించి విశ్రాంతి లేదు. మారిన ప్రతిసారీ దయ్యాలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరుగుతాయి, అదే మనకి ఆనవాలు. దాగుడుమూతల్లో పదిదాకా లెక్కపెట్టేటప్పుడు దొరికే వ్యవధి లాంటిదే ఇదీ.

ఇదంతా మొదటిసారి తెలిసిన రోజు, నిజం చెప్తున్నాను, నాకు సంతోషం కలగలేదు. గారడీవాడి చొక్కా చేతిలో ఇరుక్కున్న పావురాన్ని చూసినట్టయింది. నా గులాబీదయ్యానికి పగ లేదు సరిగదా, నేనెవరో కూడా తెలీదు! ఉన్నదల్లా నాలుగు గళ్ళు కూడటం. ఇన్నేళ్ళూ నేను భయపడ్డది ఒక కూడికకా? కొన్నాళ్ళు ఆ ఆట ముట్టుకోలేదు.

తిరిగి ముట్టుకున్నాక తెలిసింది, మాయ పోలేదు, చోటు మారిందంతే. ఎర్రది ఒక్కటే ఉంటే దాని చుట్టూ రోజంతా తిరగచ్చు. గులాబీది ఒక్కటే ఉంటే అది ముందుకి ముందుకి పోతూ తనే తప్పిపోతుంది. ఒకటి వెనక, ఒకటి ముందు, ఒకటి ఎటుపక్కో తెలీకుండా చేరేసరికి ఉచ్చు బిగుస్తుంది. మన పులీ మేకా ఆటలో మేకలు పులిని కట్టేసినట్టే. కాకపోతే అక్కడ మేకలన్నిటి వెనకా ఒక మనిషి బుర్ర ఉంది. ఇక్కడ ‘నువ్వు అటుపో, నేను ఇటొస్తా’ అని చెప్పేవాడెవడూ లేడు. చీమలబారు చూడండి. వాటిలో దారి చూపించే నాయకుడు లేడు. ప్రతి చీమా ముందు చీమ వదిలిన వాసన పట్టుకు నడుస్తుంది, తనూ కాస్త వదులుతుంది. మన కళ్ళకి మాత్రం ఎవరో పన్నిన పథకంలా కనిపిస్తుంది. పన్నాగం దయ్యం బుర్రలో లేదు, నాలుగు చిన్న నియమాల మధ్య ఖాళీలో ఉంది. నాకు ఇది పగకన్నా గొప్ప వింతగా తోచింది.

యంత్రం బీదదైతే ఆట పేలవంగా ఉంటుందనుకుంటారు చాలామంది. అలా అనేవాళ్ళకి నేను చెప్పే జవాబు 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్. టైటో కంపెనీలో తొమొహిరో నిషికాడో తయారుచేశాడు. మనుషుల్ని కాల్చడం తప్పనిపించి, శత్రువులుగా పీతలనీ ఆక్టోపస్‌లనీ పోలిన గ్రహాంతరవాసుల్ని పెట్టాడాయన. వరసకి 11 చొప్పున 5 వరసలు, మొత్తం 55 మంది. తెర సెకనుకి 60 సార్లు మారుతుంది. ఒక్కో మార్పులో ఒక్క శత్రువుని జరపడానికే ఆ చిప్పుకి తాహతు. అంటే 55 మందీ ఒక్క అడుగు వెయ్యడానికి దాదాపు సెకను పడుతుంది. సగం మందిని కొట్టేస్తే అరసెకనే. చిట్టచివర మిగిలిన ఒక్కడు సెకనుకి 60 అడుగులు వేస్తాడు! ‘తోటివాళ్ళు చచ్చేకొద్దీ వీళ్ళకి కోపం పెరుగుతోంది’ అని ఆడేవాళ్ళ గుండెలు దడదడలాడేవి. కోపం లేదు, పాడూ లేదు. చిప్పుకి బరువు తగ్గింది. నిషికాడో ఆ సంగతి గమనించి, దాన్ని సరిదిద్దకుండా అలాగే వదిలేశాడు. ఆయన చేసిన గొప్ప పని అదేనని నా అభిప్రాయం.

సరే, మన దయ్యాల దగ్గరికి వద్దాం. మొదటి ప్యాక్‌మ్యాన్‌లో ఇంకొక రహస్యం ఉంది. మనం ప్రతిసారీ సరిగ్గా ఒకేలా నడిపితే దయ్యాలు కూడా ప్రతిసారీ సరిగ్గా ఒకేలా నడుస్తాయి. నీలంగా మారి పారిపోయేటప్పుడు వేసే కాకిలెక్కల అడుగులు కూడా మళ్ళీ అవే. ఇది కనిపెట్టిన అభిమానులు ఊరుకుంటారా? ఏ సందులోంచి ఎటు తిరగాలో కాగితాల మీద దారులు గీసుకున్నారు. 1980ల మొదట్లో అమెరికాలో ఆ దారుల పుస్తకాలే అచ్చేసి అమ్మారు. ఒక్క నాణెంతో గంటలకొద్దీ ఆడేవాళ్ళు తయారయ్యారు. మరి కొందరు కుర్రాళ్ళు ఇంకా ముందుకుపోయారు. కాలేజీ చదువు మధ్యలో వదిలి ఒక చిన్న కంపెనీ పెట్టి, ప్యాక్‌మ్యాన్ యంత్రానికి తగిలించే కొత్త పలక తయారుచేశారు. కొత్త కోటలు కట్టారు. దయ్యాల నడకలో కొంత గాలివాటం కలిపారు, అంచేత కాగితం దారులు పనికిరాకుండా పోయాయి. అదే 1982లో మిస్ ప్యాక్‌మ్యాన్ అనే పేరుతో వచ్చింది. అభిమానులు కట్టిన ఆట అసలు ఆటకన్నా బాగుందని నాతోసహా చాలామంది అంటారు.

వెతికేవాళ్ళకి తప్పులు కూడా దొరికాయి. ప్యాక్‌మ్యాన్ మొహం పైకి ఉన్నప్పుడు గులాబీది నాలుగు గళ్ళు పైకి మాత్రమే గురిపెట్టదు, నాలుగు గళ్ళు ఎడమకి కూడా జరిగిపోతుంది. కూడికలో జరిగిన పొరపాటు అది. ఇక పెద్ద తప్పు 256వ లెవెల్లో ఉంది. ఎనిమిది బిట్ల గడిలో పట్టే పెద్ద అంకె 255. దానికి ఒకటి కలిపితే స్కూటరు మీటరు తిరగబడినట్టు సున్నా అయిపోతుంది. ఆ సున్నాని పట్టుకుని, తెర అడుగున పళ్ళ బొమ్మలు వేసే ప్రోగ్రాం ఏడు బొమ్మలు వెయ్యవలసినచోట 256 వెయ్యబోతుంది. అన్ని పళ్ళెక్కడివి? జ్ఞాపకంలో దొరికిన చెత్తంతా తెచ్చి తెర కుడివైపు సగంలో కుమ్మరిస్తుంది. చుక్కలన్నీ తినడం అసాధ్యం. ఆట అక్కడితో సరి. అందాకా ఒక్క ప్రాణం పోకుండా, ఒక్క పండు, ఒక్క దయ్యం వదలకుండా ఆడితే వచ్చే స్కోరు 33,33,360. అంతకి మించి ఆ యంత్రంలో లేదు.

ఇప్పటి ఆటలు చూసినప్పుడు నాకు బొమ్మల మీద ఫిర్యాదు లేదు. గడ్డిపరక కదలడం కూడా చూపిస్తున్నారు, అద్భుతం. ఫిర్యాదల్లా నియమాల మీద. కొన్ని ఆటల్లో డబ్బు పెట్టి పెట్టె కొనుక్కోవాలి. లోపల ఏముందో తెరిచేదాకా తెలీదు. కత్తి రావచ్చు, టోపీ రావచ్చు. ఇది జూదమేనని బెల్జియం 2018లో తేల్చి, తమ దేశంలో పనికిరాదంది. పాత యంత్రాలు ధర్మాత్ములని కాదు నేననేది. నాణేలు మింగడానికే వాటిని కొట్లలో నిలబెట్టారు. కాని అవి మనని ఓడించే పద్ధతి మన కళ్ళెదురుగానే ఉండేది. ఓపిక ఉన్నవాడు చూసి పట్టుకోగలిగేవాడు. పెట్టె లోపలి పాచికని ఎంత చూసినా పట్టుకోలేం.

దయ్యాల నియమాలు పరీక్షించడానికి యంత్రం కూడా అక్కరలేదు. బడి ఆవరణలో సుద్దముక్కతో సందులు గియ్యండి. ఒకడు తిండిపోతు, నలుగురు దయ్యాలు. తలా ఒక నియమం చెవిలో చెప్పి, అడుక్కొక చప్పట్లు కొట్టిస్తూ ఆడించండి. తిండిపోతుకి ఎవరి నియమం ఏదో చెప్పకండి. ఎన్ని ఆటలకి కనిపెడతాడో చూడండి. నీలందయ్యానికి మాత్రం లెక్కలు బాగా వచ్చినవాణ్ణి పెట్టండి, లేకపోతే తగువులొస్తాయి.

చివరగా నా పాత పగ సంగతి. గులాబీది మనకి నాలుగు గళ్ళ ముందుకి గురిపెడుతుంది కదా. అది ఎదురుగా, నాలుగు గళ్ళకన్నా దగ్గరగా వస్తున్నప్పుడు ఆ గురి ఎక్కడ పడుతుంది? దాని వీపు వెనక! అంచేత మనిద్దరి మధ్యా పక్కసందు ఉంటే అది మనమీదికి రాకుండా పక్కకి తిరిగిపోవాలి. కాగితం మీద అలా తేలింది. మొన్న ఆదివారం ఆడి చూశాను. ఎదురుగా వస్తోంది. ఇన్నేళ్ళ అలవాటుకొద్దీ నా బొటనవేలు వెనక్కి తిప్పబోయింది. తిప్పలేదు. సూటిగా దానికేసి నడిపించాను. రెండు గళ్ళ దూరంలో అది పక్కసందులోకి తప్పుకుంది. ఆ సంబరంలో ఎర్రదాని సంగతి మరిచిపోయాను. అది వెనకనించి వచ్చి పట్టుకుంది.